మూడువందల పన్నెండో పేజీలో కోడలి ఆరోగ్యం

గ్రంథాలయం కింది అంతస్తులో, మెట్ల పక్క గదిలో అతికింపుల మేస్త్రి కూర్చుంటాడు. ముందు పొడుగాటి బల్ల. దాని మీద పిండి బంక గిన్నె, రెండు కుంచెలు, ఒక ఇనప దిమ్మ. పైనుంచి చీటీలు వస్తాయి. ప్రతి చీటీ మీదా పుస్తకం నంబరు, పేజీ, పంక్తి రాసి ఉంటాయి. మేస్త్రి ఆ పంక్తి మీద ఆ చీటీ అతికించి, దిమ్మ పెట్టి, ఇంకోటి అందుకుంటాడు. ఏం అతికిస్తున్నాడో చదవడు. అంకెలు చూసుకుంటాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పని.

చీటీలు పంపేది శాస్త్ర సవరణల విభాగం. శాస్త్రం ఒక అడుగు ముందుకేసినప్పుడల్లా పాత కథల్లో ఒక అబద్ధం బయటపడుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే జనం చెడిపోతారని వాళ్ళ భయం. చంద్రుణ్ణి వెండి పళ్ళెమని ఎవరో రాశారు. కాదు, రాయీ దుమ్మూ అని చీటీ వచ్చింది. సూర్యుడు కొండ వెనక్కి దిగాడని ఇంకెవరో రాశారు. ఆయన ఎక్కడికీ దిగలేదు, మనమే తిరిగాం అని చీటీ వచ్చింది. ఒక ప్రేమకథలో 'నా గుండెలో నువ్వే ఉన్నావు' అనే మాట నూట నలభై చోట్ల ఉంది. గుండె నెత్తురు తోడే పనిముట్టు మాత్రమేననీ, ఎవరైనా ఉంటే గింటే మెదడులోనే ఉండాలనీ నూట నలభై చీటీలు దిగాయి. దాంతో ఆ పుస్తకం మూసుకోవడం మానేసింది. మేస్త్రి దానికి తాడు కట్టి బీరువాలో పెట్టాడు.

ఇందులో మంచేమిటో చెడేమిటో ఆయన ఆలోచించలేదు. బంక పల్చబడకూడదు. చీటీ వంకర పోకూడదు. అంతే.

మేస్త్రి మాటలు పొదుపు. ఇంట్లో ఇద్దరి వాటా ఇల్లాలే మాట్లాడేస్తుంది. ఏటా వానలు మొదలవగానే ఆవిడ గ్రంథాలయం నుంచి ఒకే ఒక్క పుస్తకం తెప్పించుకుంటుంది. అదొక గడియారాల దుకాణం కథ. ఆ దుకాణం వాళ్ళ కోడలు మూడువందల పేజీలు దగ్గుతుంది. మూడువందల పన్నెండో పేజీలో, నాలుగు పంక్తుల్లో, ప్రాణం వదులుతుంది. ఆవిడ పైకి చదువుతుంది. మేస్త్రి పక్కన కూర్చుని గోళ్ళలో ఎండిన బంక గీక్కుంటూ వింటాడు. ఆ నాలుగు పంక్తులూ అవగానే ఆవిడ పుస్తకం మూసి, కడుపునిండా ఏడుస్తుంది. తర్వాత ఆయన భుజం మీద తల ఆనిస్తుంది. ఆ పది నిమిషాలూ మేస్త్రి కదలడు. చెయ్యి తిమ్మిరెక్కినా కదలడు. ఎందుకు ఏడుస్తావని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు. ఆ రోజు దాటితే మళ్ళీ ఏడాది దాకా ఆవిడ కంట నీరు ఉండదు, మాట ఆగదు, పనీ ఆగదు.

ఈ ఏడూ వాన పడింది. పుస్తకం వచ్చింది. చదువుతూ చదువుతూ మూడువందల పన్నెండు దగ్గరికి వచ్చి ఆవిడ ఆగిపోయింది.

"ఇదేంటయ్యా?"

మేస్త్రి తొంగి చూశాడు. "చీటీ."

"చీటీ అని నాకూ కనిపిస్తోంది. ఏం రాసుందో విను. 'ఈ పేజీలో వర్ణించిన జబ్బు క్షయ. దీనికి ఇప్పుడు మందులున్నవి. ఆరు నెలలు క్రమం తప్పక మాత్రలు వాడగా కోడలు పూర్తిగా కోలుకున్నది.' ఎవరు అతికించారు దీన్ని?"

అంచులు తిన్నగా ఉన్నాయి. నాలుగు మూలలూ అద్దినట్టున్నాయి. అలా అతికించే చెయ్యి ఊరంతటికీ ఒక్కటే.

"నేనే," అన్నాడు మేస్త్రి.

"దాన్ని బతికించావా?"

"నాకేం తెలుసు. నంబరు చూసి అతికించాను."

"ముప్పై ఏళ్ళ నుంచీ ఏటా ఆ పిల్లని నేను సాగనంపుతున్నాను. నువ్వు జానెడు కాయితంతో లేపి కూర్చోబెట్టావు."

"బతికితే మంచిదేగా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ పేజీ తిప్పింది. "మంచిదే. ఇటు చూడు, మూడొందల పదమూడులో మామగారు గోడకేసి తల బాదుకుంటున్నాడు. ఇది ఎదురుగా కూర్చుని చూస్తోందా? మూడొందల పద్దెనిమిదిలో ఆడబిడ్డ దీని బట్టలన్నీ మూటగట్టుకు పోయింది. ఇది ఏం కట్టుకుని తిరుగుతుంది? మూడొందల ముప్పైలో మొగుడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నాడు. ఇది వెళ్ళి భోజనాలు వడ్డించాలా? చెప్పవయ్యా, బతికించినవాడివి నువ్వేగా!"

ఆవిడ ఏడుద్దామని మొహం పెట్టింది. రాలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. ఊహూఁ. పుస్తకం బల్ల మీద పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఇంట్లో మాట లేదు. ఆవిడ అన్నం పెడుతుంది, గిన్నె ముందుకు తోస్తుంది, వెళ్ళిపోతుంది. గోడమీద మేకు కేసి చూస్తూ కూర్చుంటుంది. ఎన్నడూ లేనిది పాలు పొంగిపోయాయి. తొమ్మిది రోజులు అలాగే గడిచాయి. తన వాటా మాటలు ఎప్పుడూ ఆవిడే మాట్లాడేది గనక, ఇప్పుడు ఎలా మొదలుపెట్టాలో మేస్త్రికి తెలియలేదు.

పదో రోజు ఆవిడ తమ్ముడు వచ్చాడు. కోర్టులో గుమాస్తా. నోట్లో ఎప్పుడూ వక్కపలుకో, సెక్షనో నలుగుతూ ఉంటుంది.

"ఏంటి బావా, ఇల్లు వాయిదా పడ్డ కోర్టులా ఉంది?"

మేస్త్రి పుస్తకం తెచ్చి ఆ పేజీ చూపించాడు. గుమాస్తా చదివాడు. ముందుకు తిప్పాడు. వెనక్కి తిప్పాడు. మొహం వెలిగిపోయింది.

"అమ్మ బావోయ్! మొదటి భార్య బతికుండగా రెండో పెళ్ళి చెల్లదు. మూడొందల ముప్పైలో పెళ్ళి చేసుకున్నవాణ్ణి ఏడేళ్ళు లోపలెయ్యొచ్చు."

"కథరా అది," అంది వంటింట్లోంచి అక్క. తొమ్మిది రోజుల్లో అదే మొదటి మాట.

"కథలో మందులు పనిచేస్తే చట్టం ఎందుకు పనిచెయ్యదే?" అన్నాడు తమ్ముడు.

అన్నవాడు ఊరుకోలేదు. మర్నాడే సవరణల విభాగానికి అర్జీ పెట్టాడు. అర్జీ చేరిన నాలుగో రోజున మేస్త్రి బల్ల మీదికి ఒక పచ్చ చీటీ వచ్చింది. పుస్తకం నంబరు చూడగానే ఆయన కుంచె కింద పెట్టాడు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి, అతికించకముందు, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. 'కోడలు సజీవురాలైనందున ఈ పేజీలోని వివాహము చెల్లదు. వధువు పుట్టింటికి వెళ్ళవలెను. మూడువందల నలభైలో పుట్టిన బిడ్డ విషయము విచారణలో ఉన్నది.'

మేస్త్రి ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళి ఇల్లాలి ముందు పరిచాడు. ఆవిడ చదివింది. పైట సర్దుకుని, పుస్తకం మేస్త్రి చేతికిచ్చి లేచింది.

"పద. మీ పైవాళ్ళ దగ్గరికి పోదాం. ఆ పసిబిడ్డ ఏం చేసిందట వీళ్ళని?"

పై అంతస్తులో అధికారి తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన బల్ల నిండా ఆ కథ తాలూకు కాగితాలే. కోడలు బతికింది గనక మూడువందల పదిహేనో పేజీలో గుమ్మం ముందు జనం ఎందుకు చేరారో ఆరోగ్యశాఖ సంజాయిషీ అడిగింది. ఆవిడ పేరు తీసేసిన కుటుంబ కార్డులో మళ్ళీ ఎక్కించాలంటే దరఖాస్తు ఎవరు చెయ్యాలని ఇంకో శాఖ అడిగింది. పక్క కుర్చీలో సలహాదారు డాక్టరు ఉన్నాడు. తెల్లకోటు, మెడలో గొట్టం. ఎదురుగా తెరిచి ఉన్న నవలలో ఎవరికో జ్వరం చూస్తున్నాడు.

"చీటీ తీసెయ్యండి బాబూ," అంది ఇల్లాలు. "ఆ పిల్లని పోనివ్వండి."

"అమ్మా, అలా అనకూడదు," అన్నాడు అధికారి. "నయమయ్యే జబ్బుతో మనిషి చనిపోవడం, అదీ ప్రభుత్వ గ్రంథాలయంలో! రేపు పేపర్లో వస్తే మా మొహాలు ఎక్కడ పెట్టుకోవాలి?"

"రాసినాయన చంపాడుగా?"

"ఆయనకి మాత్రల సంగతి తెలీదు. పోయి ఎనభై ఏళ్ళయింది."

"అయితే ముందు ఆయన్ని బతికించే చీటీ అతికించండి. ఆయన్నే అడుగుదాం."

డాక్టరు తలెత్తాడు. సౌమ్యంగా ఉండే మనిషి. "పెద్దమ్మా, మీకు చావే కావాలంటే జబ్బు మార్చి చూద్దాం. పాము కరిచిందనుకుందాం."

"సరే."

డాక్టరు ఆలోచించాడు. "లాభం లేదు. దానికి సూది ఉంది. మెట్ల మీంచి పడిందనుకుంటే?"

"పడనీ."

"ఎముకలు అతుకుతాయి. దిగులుతో పోయిందందామా? దానికీ మాత్రలొచ్చాయి." వేళ్ళు మడుస్తూ పోయి, ఆఖరి వేలు దగ్గర ఆగిపోయాడు. "ఒకటి మిగిలింది. కానీ దాని మీద పరిశోధన జరుగుతోంది. కోడలు మూడొందల పన్నెండో పేజీకి చేరేలోపల మందు రావచ్చు."

"నీకేం పోయిందయ్యా ఆ పిల్ల పోతే?" అంది ఇల్లాలు. "నీ చుట్టమా?"

డాక్టరు మెడలో గొట్టం తీసి బల్ల మీద పెట్టాడు. "పెద్దమ్మా, ఇరవై రెండేళ్ళు పెద్దాసుపత్రిలో పనిచేశాను. మందు చేతిలో ఉండగానే పోయారు కొందరు. మందు తేవడానికి నేను వెళ్ళి వచ్చేలోపల పోయారు కొందరు. ఇక్కడికొచ్చి మూడేళ్ళు. నూట పదిమందిని బతికించాను. ఒక్కరూ పోలేదు. నన్నింకేదైనా అడగండి. నా సంతకంతో మనిషిని పోనివ్వమని మాత్రం అడక్కండి."

ఇల్లాలి గొంతు తగ్గింది.

"నాయనా, నువ్వు బతికించినవాళ్ళెవరైనా మళ్ళీ నీ దగ్గరికొచ్చారా?"

"లేదు."

"ఈ పిల్ల వచ్చేది. వానలు పడగానే. ఇప్పుడు రావడం మానేసింది."

డాక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. అధికారి గొంతు సవరించుకున్నాడు. "మీ బాధ నాకు అర్థమైందమ్మా. నా బాధా చూస్తున్నారుగా, ఆ బిడ్డ విచారణ నా నెత్తినే పడింది. కానీ చీటీ తీసేస్తే శాస్త్రాన్ని వెనక్కి నడిపించినట్టు. ఆ అధికారం నాకు లేదు."

"ఊడుతుంది," అన్నాడు మేస్త్రి.

ఆయన గొంతు ఆ అంతస్తులో ఎవరూ విని ఉండలేదు. అధికారి ఎవరన్నారా అని చుట్టూ చూశాడు.

"ఏంటి ఊడేది?"

"చీటీ. అతికించినవాణ్ణి, నేను పీకితే ఊడుతుంది."

"మేస్త్రీ! ఉద్యోగం ఊడుతుంది!"

మేస్త్రి పుస్తకం చంకన పెట్టుకుని అప్పటికే మెట్లు దిగుతున్నాడు. వెనక ఇల్లాలు, ఆవిడ వెనక డాక్టరు, అందరికన్నా వెనక 'ఆగండి, ఆగండి' అంటూ అధికారి.

బంక కాచుకునే పొయ్యి మీద నీళ్ళు పెట్టాడు మేస్త్రి. ఆవిరి రాగానే ఆ పేజీని పైన పట్టుకున్నాడు. పిండి బంకైతే ఆవిరికి మెత్తబడి, చీటీ తొడుక్కున్న చొక్కాలా వదిలి వస్తుంది. మూల పట్టుకుని లాగాడు. రాలేదు. ఆయన మొహం మాడిపోయింది. ఆ చీటీ వచ్చిన వారం పిండికి పురుగు పట్టింది. పని ఆగకూడదని బజారులో దొరికే తెల్ల బంక వాడాడు. అది వదిలే రకం కాదు. మెల్లగా లాగాడు. ఊపిరి బిగపట్టి లాగాడు. చీటీ వచ్చింది. దాంతోపాటు కింది కాగితం పై పొర కూడా పొట్టులా రాలి వచ్చింది. నాలుగు పంక్తులున్నచోట నాలుగు పంక్తుల మేర తెల్లటి నూగు మిగిలింది.

ఇల్లాలు గుండె మీద చెయ్యేసుకుంది. మెదడు మీద కాదు.

"అయిపోయింది," అన్నాడు అధికారి. "ఇప్పుడు సవరణా లేదు, అసలూ లేదు. ఆవిడ బతికిందో పోయిందో రికార్డులో లేదు. ఏ శాఖకి ఏమని రాయను?" ఉన్నట్టుండి మేస్త్రి స్టూలు మీద కూలబడి, జేబులోంచి నిబంధనల పుస్తకం తీసి గబగబా తిరగేశాడు. ఒకచోట వేలు ఆగింది. మొహంలో నెత్తురు తిరిగింది. "ఉంది! ఉంది! 'అచ్చు చెడిన పంక్తులు ఎవరికైనా కంఠస్థముగా వచ్చినచో, వారు చెప్పగా, ఇద్దరు సాక్షుల ఎదుట, ఉద్యోగి తన చేతితో రాయవలెను. అదియే మూలమగును.' అమ్మా, మీకు వచ్చా?"

"నిద్రలో లేపి అడిగినా వచ్చు."

"చెప్పండి మరి. ఆవిడ పోయిందని మీరు చెప్పండి, ఆయన రాస్తాడు. పెళ్ళి చెల్లుతుంది, బిడ్డకి తండ్రి ఉంటాడు, నేను ఇంటికెళ్తాను. మూలం మీద మళ్ళీ చీటీ వెయ్యాలంటే కొత్త కమిటీ కావాలి. అది కూర్చోడానికి పదేళ్ళు పడుతుంది."

అధికారి ఒక సాక్షి. రెండోవాడు డాక్టరు. ఆయన తలుపు దాకా వెళ్ళాడు, ఆగాడు, మొహం గోడకు తిప్పి నిలబడ్డాడు.

మేస్త్రి చదువు మూడో తరగతి. ముప్పై ఏళ్ళలో ఆయన సంతకం తప్ప ఇంకేం రాయలేదు. కలం తీసుకుని, నూగు మీద చేత్తో నిమిరి, ఇల్లాలి వైపు చూశాడు.

ఆవిడ నిటారుగా కూర్చుని కళ్ళు మూసుకుంది. "ఆ సాయంత్రం వాన వెలిసింది. రాశావా?"

"వాన దగ్గరున్నాను."

"నువ్వు రాసేలోపల గాడిదలు మేపుకు రావచ్చు. దుకాణంలో గడియారాలన్నీ ఒక్కసారి గంట కొట్టాయి. కోడలు కళ్ళు తెరిచింది."

మేస్త్రి రాశాడు. ఒక పంక్తిన్నర నిండింది. కలం ఎత్తి ఆగాడు. తర్వాతి మాట ఆయనకూ తెలుసు. ఎన్నిసార్లు విన్నాడు! ఆవిడ నోరు తెరిచింది. మూసుకుంది. మళ్ళీ తెరిచింది. ముప్పై ఏళ్ళు గడగడా చదివిన మాట నాలుక మీదికి రానేలేదు.

"తర్వాత?" అన్నాడు అధికారి.

"ఉండు బాబూ. గదిలో గాలి లేదు. కిటికీ తెరిచారని రాయి."

"అది పుస్తకంలో ఉందా?"

"అచ్చులో ఉంటే ఆయన రాసిందే చదివేదాన్ని. ఇప్పుడు నన్ను చెప్పమన్నారుగా? గాలాడకుండా ఎలా ఉంటుంది పిల్ల? రాయవయ్యా. కిటికీ తెరిచారు. దాహం అంది. నీళ్ళు ఇచ్చారు."

"గోరువెచ్చనివి," అంది గోడవైపు నుంచి ఒక గొంతు. డాక్టరు.

"గోరువెచ్చని నీళ్ళు," అంది ఇల్లాలు.

"ఒక్కసారిగా తాగితే పొలమారుతుంది. కొద్దికొద్దిగా తాగాలి."

"కొద్దికొద్దిగా తాగింది. రాశావా?"

రాశాడు. అక్షరాలు ఆవగింజల్లా మొదలై గుమ్మడికాయల్లా తేలాయి. అక్కడికి నాలుగు పంక్తులూ నిండిపోయాయి. నూగు అయిపోయింది.

అధికారి వంగి చూశాడు. "అమ్మా, ఇందులో చావు రాలేదు!"

"తెలుసు."

"ఒక్క మాట. మూడక్షరాలు. చివర ఇరికించండి."

"నువ్వు చెప్పు నాయనా. నువ్వు పెద్ద చదువు చదివావు. ఎదురుగా నీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చుంది. నీవైపే చూస్తోంది. చెప్పు, ఆ మూడక్షరాలూ."

అధికారి చెప్పబోయాడు. ఎందుకో డాక్టరు వైపు చూశాడు. తర్వాత పేజీ వైపు చూశాడు. చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "సాక్షి చెప్పకూడదు," అన్నాడు. "నిబంధన ఒప్పుకోదు."

"చోటు అయిపోయింది," అన్నాడు మేస్త్రి.

"అయిపోతే?" అంది ఇల్లాలు. "ముప్పై ఏళ్ళుగా చోటు లేనిచోట చీటీలు అతికించావు. ఇప్పుడే నేర్చుకోవాలా?"

మేస్త్రి సొరుగు లాగి తెల్ల చీటీ ఒకటి తీశాడు. ఈసారి పిండి బంకే రాశాడు. పేజీ అడుగున తిన్నగా అతికించి, దిమ్మ పెట్టకుండా అరచేత్తో నొక్కాడు. ఆవిడ చెప్పింది. కోడలు దిండు ఎత్తు చేసుకుంది. మామగారిని పిలిచి, మూడో అరలో గడియారం రెండు నిమిషాలు వెనకబడిందని చెప్పింది. చీటీ నిండింది. ఇంకోటి అతికించాడు. కోడలు చిక్కుపడ్డ జుట్టు దువ్వుకుంది. అందులో సగం డాక్టరు చెప్పాడు. మధ్యలో నాడి చూడాలన్నాడు. చూడనిచ్చారు. మూడో చీటీ, నాలుగో చీటీ. పేజీ కింద నుంచి కాగితం నాలుకలా బల్ల అంచు దాకా వేలాడింది. అధికారి ఒకసారి లేచాడు, గడియారం చూసుకున్నాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం పైనుంచి వచ్చిన చీటీల కట్ట విప్పకుండా గుమ్మంలోనే పడి ఉంది.

ఆరో చీటీ సగంలో ఇల్లాలు ఆగింది. ఆవిడ దగ్గరున్నవన్నీ అయిపోయినట్టున్నాయి. డాక్టరు కూడా పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాడు. కోడలు దువ్వెన పక్కన పెట్టి వాళ్ళ మాట కోసం కూర్చుని ఉంది. ఇంకొక్క నిమిషం ఎవరూ ఏమీ అనకపోతే మామగారు గోడకేసి తల బాదుకునే పేజీ మొదలవుతుందని గదిలో అందరికీ తెలుసు.

ఇల్లాలు మొగుడి వైపు తిరిగింది. "నువ్వు చెప్పవయ్యా. ఇప్పుడేం చేస్తుంది?"

మేస్త్రి కంగారుపడ్డాడు. ఆయన్ని అలాంటివి ఎవరూ అడగలేదు. కలాన్ని సిరాలో ముంచాడు. తీశాడు. బంక గిన్నె కేసి చూశాడు, పేజీ కేసి చూశాడు.

"ఆకలేస్తుందేమో," అన్నాడు. "మొదటి పేజీ నుంచీ దగ్గడమే గానీ, ఆ పిల్ల ఏమీ తిన్నట్టు లేదు."

"అవును సుమా," అంది ఇల్లాలు. "రాయి, రాయి."